షాపింగ్ మాల్‌లో ర్యాంపు ఒక్కటే సరిపోదు: అపోహలు, వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాలలో వాణిజ్య భవనాలకు ప్లానులు గీసే నాకు దివ్యాంగుల సౌకర్యాల గురించి యజమానులు, మేస్త్రీలు తరచుగా చెప్పే మాటలు, వాటికి నా జవాబులివి.

అపోహ: మెట్ల పక్కన ర్యాంపు వేస్తే పని అయిపోయినట్లే.

వాస్తవం: ముందు వాలు చూడాలి. వాన నీరు లోపలికి రాకుండా ప్లింతును, అంటే భవనం నేల మట్టాన్ని, రోడ్డుకంటే మూడు మెట్లు, అంటే సుమారు 450 మిల్లీమీటర్లు లేపుతాము. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలన్న లెక్కన దానికి 5.4 మీటర్ల ర్యాంపు కావాలి. చోటు దండగని దానిని రెండు మీటర్లలో ముగిస్తే, చక్రాల కుర్చీని నెట్టే మనిషికే పట్టు తప్పుతుంది. ఒక దుకాణంలో ర్యాంపుకు నునుపైన గ్రానైటు వేయించారు. చినుకు పడగానే వాచ్‌మన్ దానిపై గోనెసంచులు పరిచేవాడు. వాన లేని రోజుల్లో అది బైకుల స్టాండు.

అపోహ: లిఫ్టు ఉంది కదా!

వాస్తవం: తలుపు తెరిచినప్పుడు కనీసం 900 మిల్లీమీటర్ల దారి ఉండాలి, మీటలు కూర్చున్న మనిషికి అందాలి, వాటిపై బ్రెయిలీ గుర్తులు, అంతస్తును చెప్పే గొంతు ఉండాలి. లిఫ్టు ముందు ఒక్క మెట్టు ఉన్నా ఇవన్నీ వృథాయే.

అపోహ: దివ్యాంగుల మరుగుదొడ్డి అంటే కాస్త పెద్ద గది.

వాస్తవం: లోపల కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల వ్యాసం గల ఖాళీ ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి, ఎందుకంటే లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డమవుతాడు. నేను గీసిన ఒక గదిలో ఏడాది తిరగకముందే ఫినాయిల్ డబ్బాలు, చీపుర్లు చేరాయి.

అపోహ: అలాంటివారు మా మాల్‌కు రారు.

వాస్తవం: దారి లేకనే రారు. సంక్రాంతి బట్టలకు మోకాళ్ల నొప్పులతో వచ్చే అమ్మమ్మలకూ, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి పెళ్లి బట్టలకు ఇంటివారితో వచ్చే డయాలసిస్ రోగులకూ అక్కడక్కడా కూర్చోవడానికి, చేతులు ఆనించుకునే వీలున్న బల్లలు కావాలి.

అపోహ: చట్టం ప్రభుత్వ భవనాలకే.

వాస్తవం: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది, నిబంధనలకు ఒదగని ప్లానుకు అనుమతి ఇవ్వరాదని అందులోనే ఉంది.

అపోహ: తరువాత చేయించుకోవచ్చు.

వాస్తవం: తరువాత వేసే ర్యాంపు మున్సిపల్ కాలువ మీదికే పోతుంది, పూడిక తీసే రోజున దానిని పగలగొడతారు.