సంగటి ఉండలు, నానో పొరలు

అనంతపురంలో ఇంజినీరింగ్ చదువు పాతదే. ప్రభుత్వ కాలేజీ 1946లో మొదలై, 1972లో జేఎన్‌టీయూలో కలిసి, 2008లో విడి యూనివర్సిటీ అయింది. ఇలాంటి చోట 1980ల చివర్లో లెక్చరర్‌గా చేరి, పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పొరల మీదే పనిచేసి, ఈమధ్యే ప్రొఫెసర్‌గా రిటైరైన మనిషిని ఊహించుకోండి. ఆ సర్వీసంతా ఎలా గడిచి ఉంటుంది?

ప్లాస్టిక్‌లోనూ కరెంటు పారుతుందని హీగర్, మెక్‌డయర్మిడ్, షిరకావా అనే శాస్త్రవేత్తలు 1977లోనే చూపించారు. వాళ్లకు నోబెల్ వచ్చింది 2000లో. మన లెక్చరర్ చేరిన రోజుల్లోనే జపాన్‌లో టొయోటా పరిశోధకులు నైలాన్‌లో 5 శాతం లోపు బంకమట్టి కలిపారు. 65 డిగ్రీలకే వంగిపోయే నైలాన్ 150 దాకా తట్టుకుంది. ఆ మట్టి రేకు మందం ఒక్క నానోమీటరు, అంటే మీటరులో వంద కోట్లో వంతు.

కిటుకంతా కలపడంలో ఉంది. సంగటి కెలికినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తెడ్డు సరిగా తిప్పకపోతే పిండి ఉండలు కడుతుంది. నానో పొడీ అంతే. ఉండ కట్టిందంటే అది నానో కాదు, ఉత్త మట్టి.

మన దగ్గర ఈ పని పెరగడానికి ఒక కారణం, తక్కువ ఖర్చు. పీవీఏ అనే నీళ్లలో కరిగే పాలిమర్ పొడిని వేడినీళ్లలో కరిగించి, నానో పొడి కలిపి, గాజు పళ్లెంలో పోసి ఆరబెడితే పొర వస్తుంది. ఉండలు కట్టిందో లేదో చూడటానికి మాత్రం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. అది లేని కాలేజీవాళ్లు శాంపిల్ పట్టుకుని బెంగళూరుకో హైదరాబాద్‌కో బస్సెక్కాల్సిందే.

2007లో కేంద్రం నానో పరిశోధనల కోసం 1,000 కోట్లతో నానో మిషన్ పెట్టింది. 2010లో యూజీసీ అధ్యాపకుల ప్రమోషన్లకు ఏపీఐ పాయింట్లు తెచ్చింది. పేపర్ వేస్తే పాయింటు. వస్తువు తయారుచేయాలన్న టెన్షన్ ఎవరికుంటుంది?

వస్తువు అవసరం మాత్రం పక్కనే ఉంది. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తోంది. మామూలు సిలికాన్ ప్యానెల్‌లో అద్దం కింద సెల్స్‌ను పట్టి ఉంచేది ఈవీఏ అనే పాలిమర్ పొరే. అది ఎండకు పసుపెక్కుతుంది, తేమ దూరితే సెల్స్ దెబ్బతింటాయి. పాలిమర్‌లో మట్టి రేకులు సరిగా పరుచుకుంటే నీటి ఆవిరి నేరుగా పోలేక చుట్టూ తిరిగి పోవాలి. అలాంటి పొర పనికొస్తుందని తేల్చాలంటే ఏళ్ల తరబడి పరీక్షలు కావాలి. ప్యానెల్‌కు కంపెనీలిచ్చే వారంటీ 25 ఏళ్లు. పీహెచ్‌డీ స్కాలర్ ల్యాబ్‌లో ఉండేది నాలుగైదేళ్లు.