చార్జింగ్ ఎక్కుతున్న ఫోన్ కంప్యూటర్‌కి ఎందుకు కనిపించదు? అపోహలు - వాస్తవాలు

ఫోన్ రిపేర్ పనిలో ఉన్నవాళ్లకి తరచూ వినిపించే మాట ఒకటుంది: "కంప్యూటర్‌కి పెడితే ఫోన్ చూపించట్లేదండీ, సాఫ్ట్‌వేర్ పోయినట్టుంది." నిజంగా సాఫ్ట్‌వేర్ పోయిన ఫోన్లు చాలా తక్కువ. ఎక్కువసార్లు తప్పు కేబుల్‌ది, లేదా లాక్ తీయని స్క్రీన్‌ది, లేదా ఎవరూ నొక్కని ఒక ఆప్షన్‌ది. ఈలోగా కనిపించిన చిట్కాలన్నీ ప్రయత్నించి, కొందరు ఫోన్‌ని రీసెట్ కూడా చేసేసి వస్తారు. ఏ ఫోటోల కోసం కేబుల్ పెట్టారో ఆ ఫోటోలే పోతాయి. అందుకే ఈ అపోహల గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: చార్జింగ్ ఎక్కుతోందంటే కేబుల్ బాగున్నట్టే.

వాస్తవం: మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో ప్రధానంగా నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటుకి, రెండు డేటాకి. చార్జింగ్‌కి మొదటి రెండూ చాలు. డేటా తీగలు తెగిపోయినా, అసలు లేకపోయినా ఫోన్ హాయిగా చార్జ్ అవుతుంది. చిన్న స్పీకర్లు, ఇయర్‌ఫోన్లు, టేబుల్ లైట్లతో పాటు వచ్చే కేబుళ్లలో చాలావాటికి డేటా తీగలే ఉండవు. పైనుంచి చూసి పోల్చుకోలేం. లావుగా ఉన్నా, టైప్-సీ అయినా, ఖరీదైనదైనా అందులో డేటా వెళ్తుందన్న హామీ లేదు. కేబుల్‌ని పరీక్షించాలంటే ఒకటే దారి: దాంతో ఇంకో ఫోన్‌ని పెట్టి ఫైళ్లు వస్తున్నాయా లేదా చూడటం.

డేటా తీగలు సన్నగా ఉంటాయి కాబట్టి, కేబుల్ ఎక్కువగా వంగే చోట, అంటే పిన్ను మొదట్లో, తెగడం సహజం. ఒక పక్కకి వంచి పట్టుకుంటేనే ఫోన్ కనిపిస్తోందంటే ఇక ఆ కేబుల్‌ని చార్జింగ్‌కి మాత్రమే వాడుకోండి. ఫైల్ కాపీ సగంలో ఉండగా కనెక్షన్ తెగితే ఆ ఫైల్ పాడైపోవచ్చు.

అపోహ: పోర్ట్ పాడైతే చార్జింగ్ కూడా ఆగిపోవాలి కదా!

వాస్తవం: ఆగనక్కర్లేదు. యూఎస్‌బీ కనెక్టర్లలో కరెంటు కాంటాక్టులు కాస్త పొడుగ్గా, డేటా కాంటాక్టులు కాస్త పొట్టిగా ఉంటాయి. పిన్ను లోపలికి వెళ్లేటప్పుడు ముందు కరెంటు అందాలి, ఆ తర్వాతే డేటా తగలాలి అని కావాలనే అలా తయారు చేశారు. ఇప్పుడు జేబులోని నూలుపోగులు పోర్ట్ అడుగున పేరుకుని గట్టిపడ్డాయనుకోండి. పిన్ను పూర్తిగా లోపలికి వెళ్లదు. కరెంటు కాంటాక్టులు తగులుతాయి, డేటావి తగలవు. ఫోన్ చార్జ్ అవుతూనే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం ఏమీ తెలియనట్టు ఉంటుంది. పిన్ను పెట్టినప్పుడు టక్కుమని కూర్చోకపోయినా, ఫోన్‌కీ పిన్నుకీ మధ్య సందు కనిపించినా ముందు దుమ్మునే అనుమానించండి.

టైప్-సీలో ఇంకో సులువైన పరీక్ష ఉంది. పిన్నుని తిరగేసి పెట్టండి. ఒక వైపు పెడితే పనిచేసి, ఇంకో వైపు పెడితే చేయకపోతే, పోర్ట్‌లోనో పిన్నులోనో ఒక వరుస కాంటాక్టులు దెబ్బతిన్నాయి లేదా మురికి పట్టాయి. సాఫ్ట్‌వేర్‌కి పిన్ను ఏ వైపు ఉందన్నదాంతో సంబంధం లేదు కాబట్టి, ఈ లక్షణం కనిపించాక డ్రైవర్ల (కంప్యూటర్ ఫోన్‌తో మాట్లాడటానికి వాడే చిన్న ప్రోగ్రాముల) వెంట పడటం అనవసరం.

ఓటీజీ (ఫోన్‌కి పెన్‌డ్రైవ్, మౌస్ లాంటివి తగిలించే చిన్న అడాప్టర్) ఉంటే మరీ మంచిది. ఫోన్‌కి పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. అందులో ఫైళ్లు తెరుచుకుంటే ఫోన్ వైపు డేటా లైన్లు బాగున్నట్టే. ఇక కేబుల్‌నీ కంప్యూటర్‌నీ చూడాలి.

అపోహ: సూదితోనో పిన్నీసుతోనో గీకితే శుభ్రమవుతుంది.

వాస్తవం: మురికి వస్తుంది, దాంతో పాటు కాంటాక్టులూ వస్తాయి! టైప్-సీ పోర్ట్ మధ్యలో ఉండే పల్చటి నాలుక విరిగితే పోర్ట్ మార్చడం తప్ప దారి లేదు. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో పోర్ట్ గోడల వెంబడి నెమ్మదిగా తీయండి. తడి తగలనివ్వకండి.

అపోహ: కంప్యూటర్‌లో ఏమీ రావట్లేదంటే ఏమీ తెలుసుకోలేం.

వాస్తవం: నా దృష్టిలో అందరూ వదిలేసే ఆధారం ఇదే. ఫోన్‌ని పెట్టగానే కంప్యూటర్ ముందు దాని వివరాలు అడుగుతుంది. ఫోన్ తన తయారీ సంస్థ సంఖ్యనీ మోడల్ సంఖ్యనీ చెబుతుంది. ఆ తర్వాతే డ్రైవర్, ఆ తర్వాతే ఫైళ్లు. ఎక్కడ ఆగిందో తెలిస్తే తప్పు ఎక్కడుందో సగం తెలిసినట్టే.

స్క్రీన్ లాక్ తీసి, విండోస్‌లో డివైస్ మేనేజర్ (కంప్యూటర్‌కి తగిలించిన పరికరాల జాబితా) తెరిచి ఉంచి కేబుల్ పెట్టండి. కనెక్ట్ అయిన శబ్దం రాలేదు, జాబితా కూడా కదల్లేదు అంటే ఆ ప్రశ్న ఫోన్‌దాకా వెళ్లలేదు. కేబుల్, పోర్ట్, దుమ్ము చూడాలి. "అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్" అని వచ్చి, పక్కన కోడ్ 43 ఉంటే ప్రశ్న వెళ్లింది కానీ సరైన జవాబు రాలేదు. అంటే డేటా లైన్ సగం పనిచేస్తోంది. ఇక్కడా కేబుల్, పోర్ట్ మార్చి చూడటమే మొదటి పని. ఫోన్ పేరు వచ్చి పసుపు గుర్తు ఉంటే అప్పుడు డ్రైవర్ సంగతి. పేరు బాగానే వచ్చి ఫోల్డర్ ఖాళీగా ఉంటే తప్పు ఎక్కడా లేదు, ఫోన్ మీ అనుమతి కోసం ఎదురుచూస్తోంది.

డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్ట్ వదిలేసి వెనక, మదర్‌బోర్డు మీది పోర్ట్‌లో నేరుగా పెట్టండి. హబ్‌లు తీసేయండి. ఇంకో మాట: కేబుల్, పోర్ట్, కంప్యూటర్ మూడూ ఒకేసారి మార్చకండి. ఒక్కోటి మారిస్తేనే ఏది దోషో తేలుతుంది.

అపోహ: యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేస్తేనే ఫైళ్లు కనిపిస్తాయి.

వాస్తవం: బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కించి డెవలపర్ ఆప్షన్లలోకి తీసుకెళ్లే వీడియోలు బోలెడు. ఫైళ్ల కాపీకి డీబగ్గింగ్ అక్కర్లేదు. అది యాప్‌లు తయారు చేసేవాళ్లు కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు పంపడానికి. ఆన్ చేసి మర్చిపోవడం భద్రతకి మంచిది కాదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి, కంప్యూటర్‌కి పెట్టగానే ఫోన్ చార్జింగ్ మోడ్‌లోనే ఉంటుంది. లాక్ తీసి, పైనుంచి నోటిఫికేషన్లు దించి, యూఎస్‌బీ గురించి ఉన్న దాన్ని నొక్కి, "ఫైల్ ట్రాన్స్‌ఫర్" ఎంచుకోవాలి. మీకు కావాల్సింది ఇంతే. అసలు ఆ నోటిఫికేషనే రాకుండా బ్యాటరీ గుర్తు మాత్రం వెలిగితే, అవతల ఉన్నది కంప్యూటర్ అని ఫోన్‌కి తెలియలేదన్నమాట. మళ్లీ కేబుల్ దగ్గరికే రావాలి.

అపోహ: పాత ఫోన్ పెన్‌డ్రైవ్‌లా కనిపించేది, ఇది కనిపించట్లేదంటే లోపమే.

వాస్తవం: పద్ధతే మారిపోయింది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు మెమరీ మొత్తాన్నీ కంప్యూటర్‌కి అప్పజెప్పేవి. ఆ సమయంలో ఫోన్‌లోని యాప్‌లు ఆ మెమరీని వాడుకోలేకపోయేవి. 2011లో ఆండ్రాయిడ్ 3.0తో ఎంటీపీ (మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్) పద్ధతి మొదలైంది. ఇందులో మెమరీ ఫోన్ చేతిలోనే ఉంటుంది, కంప్యూటర్ అడిగిన ఫైల్‌ని మాత్రం ఇస్తుంది. అందుకే డ్రైవ్ అక్షరం రాదు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఫోన్ కనిపించదు. పెన్‌డ్రైవ్‌ల కోసం చేసిన డేటా రికవరీ సాఫ్ట్‌వేర్లకీ కనిపించదు. మ్యాక్ కంప్యూటర్లకైతే ఎంటీపీ సొంతంగా రాదు. ఆండ్రాయిడ్ ఫోన్ పెడితే ఫైండర్‌లో (మ్యాక్‌లో ఫైళ్లు చూపించే యాప్‌లో) ఏమీ రాకపోవడం అక్కడ మామూలే. వేరే యాప్ వేసుకోవాలి.

అపోహ: డ్రైవర్ అప్‌డేటర్ వేస్తే అన్నీ సరవుతాయి.

వాస్తవం: ఎంటీపీ డ్రైవర్ విండోస్‌లోనే ఉంది. డబ్బులడిగే అప్‌డేటర్లు అక్కర్లేదు. పసుపు గుర్తు ఉన్న పరికరం మీద కుడి క్లిక్ చేసి, అప్‌డేట్ డ్రైవర్‌లో కంప్యూటర్‌లోని జాబితా నుంచి ఎంచుకునే ఆప్షన్‌కి వెళ్లి, "ఎంటీపీ యూఎస్‌బీ డివైస్" పెట్టండి. ఒక్క మినహాయింపు: విండోస్ ఎడిషన్ పేరు చివర ఎన్ అనే అక్షరం ఉంటే అందులో మీడియా భాగాలతో పాటు ఎంటీపీ కూడా ఉండదు. సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్ల నుంచి మీడియా ఫీచర్ ప్యాక్ వేసుకోవాలి. ఇది తెలియక కంప్యూటర్‌ని ఫార్మాట్ చేసుకున్నవాళ్లున్నారు.

"కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశానండీ" అంటారు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, విండోస్ 8 నుంచీ షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. కెర్నల్ (విండోస్ మూల భాగం), డ్రైవర్ల స్థితి డిస్క్‌లో దాచుకుని మళ్లీ అదే తెచ్చుకుంటుంది. ఈ పనికి రీస్టార్ట్ నొక్కాలి.

అపోహ: ఐఫోన్‌కి ఇవేమీ ఉండవు.

వాస్తవం: దాని తలనొప్పులు దానివి. లాక్ తీసి, ఈ కంప్యూటర్‌ని నమ్మాలా అన్నప్పుడు ట్రస్ట్ నొక్కి, పాస్‌కోడ్ ఇవ్వాలి. పొరపాటున వద్దన్నారా, రీసెట్ మెనూలో "రీసెట్ లొకేషన్ అండ్ ప్రైవసీ" చేస్తే ఆ ప్రశ్న మళ్లీ వస్తుంది, ఫోటోలకి ఏమీ కాదు. 2018లో వచ్చిన ఐఓఎస్ 11.4.1 నుంచి, ఫోన్ గంటకి పైగా లాక్‌లో ఉంటే పోర్ట్‌లో డేటా ఆపేసే ఏర్పాటు కూడా వచ్చింది. చార్జింగ్ మాత్రం నడుస్తుంది. విండోస్‌లో కేబుల్ పెడితే ఫోటోలు, వీడియోల ఫోల్డర్ మాత్రమే తెరుచుకుంటుంది. మిగతావి రావట్లేదని ఖంగారు పడక్కర్లేదు.

అపోహ: డిస్‌ప్లే పగిలినా కేబుల్ పెట్టి ఫోటోలు లాగొచ్చు.

వాస్తవం: పైన చెప్పిన అనుమతులన్నీ ఆ స్క్రీన్ మీదే ఇవ్వాలి. లోపల డేటా ఎన్‌క్రిప్ట్ అయి (రహస్య రూపంలోకి మారి) ఉంటుంది, లాక్ పిన్ నంబర్ కొట్టకుండా తెరవలేం. బొమ్మ కనిపిస్తూ టచ్ మాత్రమే పోతే ఓటీజీతో మౌస్ పెట్టి లాక్ తీయొచ్చు. రెండూ పోతే ముందు డిస్‌ప్లే వేయించాలి, తర్వాతే ఫోటోలు. లాక్ తీయకుండానే లాగేస్తామనే సాఫ్ట్‌వేర్లకి డబ్బు కట్టకండి.

అపోహ: అన్నీ చూశాం, ఇక ఫోన్‌ని రీసెట్ చేయాల్సిందే.

వాస్తవం: రీసెట్‌తో తెగిన తీగ అతకదు. వేరే కేబుల్, వేరే కంప్యూటర్, ఓటీజీ పెన్‌డ్రైవ్ అన్నిటా ఇదే పరిస్థితి ఉంటే బోర్డు చూడాలి. చాలా ఫోన్లలో చార్జింగ్ పోర్ట్ విడి సబ్ బోర్డు మీద ఉండి, ఫ్లెక్స్‌తో (వంగే పల్చటి పట్టీ కేబుల్‌తో) మెయిన్ బోర్డుకి కలుస్తుంది. మేం ముందు ఆ ఫ్లెక్స్ ఊడిందేమో చూస్తాం. తర్వాత మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో రెండు డేటా లైన్లనీ కొలుస్తాం. రెండు రీడింగులూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి ఓపెన్ (తెగినట్టు) చూపిస్తే ఎక్కువసార్లు తప్పు సబ్ బోర్డులోనో ఫ్లెక్స్‌లోనో ఉంటుంది, మార్చేస్తే పోతుంది. ఫోన్ ఇచ్చేటప్పుడు, ఫాస్ట్ చార్జింగ్ కూడా అప్పుడే ఆగిందేమో గుర్తుచేసుకుని చెప్పండి. కొన్ని రకాల ఫాస్ట్ చార్జింగ్‌లో చార్జర్, ఫోన్ మాట్లాడుకునేది ఆ డేటా లైన్ల మీదే కాబట్టి మా వెతుకులాట తగ్గుతుంది. రిపేర్‌కి ఇచ్చే ముందు ఫోటోల్ని వైఫై మీదుగా కంప్యూటర్‌లోకి పంపేసుకోండి. దానికి పోర్ట్‌తో పనే లేదు.