పైసల్లో తేడా వస్తే గుమాస్తాని అనుమానించే ముందు: ఫ్లోటింగ్ పాయింట్ అపోహలు, వాస్తవాలు

భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు ఫీడ్ షాపులకీ రైస్ మిల్లులకీ అకౌంట్స్ ప్రోగ్రాములు చూసిపెట్టడం నా పని. రొయ్యల పట్టుబడులు అయిపోయి, అప్పుసొప్పులు తేల్చుకునే రోజుల్లో నాకొచ్చే ఫోన్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "టోటల్ తేడా వస్తుందండీ, ఎవడో నొక్కేస్తున్నాడు." కంప్యూటరు లెక్క తప్పదు కాబట్టి తప్పింది మనిషే అని ముందే తీర్పు చెప్పేసి, తర్వాత నన్ను పిలుస్తారు. ఆ తీర్పు వల్ల మాటపడేది నెలజీతం మీద బతికే గుమాస్తా, అందుకే దీన్నే పట్టుకుని సాగదీస్తాను. మిగతావి ఆఖర్న గబగబా.

అపోహ: స్క్రీన్ మీద 10.10 కనిపిస్తే మెమరీలోనూ 10.10 ఉంటుంది.

ఉండదండీ. స్క్రీన్ మీద కనిపించేది రెండు స్థానాలకి సవరించి చూపించిన అంకె. లోపల ఉన్నది బిట్లు, అంటే సున్నాలూ ఒకట్లూ. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం, దశాంశాలున్న సంఖ్యల్ని దాచే ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతిలో చిన్నదైన ఫ్లోట్ అంటే 32 బిట్లు: ప్లస్సా మైనస్సా అన్నదానికి 1, ఎక్స్‌పోనెంట్‌కి (సంఖ్య ఎంత పెద్దదో చెప్పేది) 8, అసలు అంకెలకి 23. పెద్దదైన డబుల్‌లో 64 బిట్లు, అవే 1, 11, 52. అన్నీ రెండు లెక్కనే నడుస్తాయి, అంటే సగం, అందులో సగం, దాంట్లో సగం, ఇవి కలిపితే వచ్చేవే ఖచ్చితంగా కుదురుతాయి. రూపాయిలో 1 నుంచి 99 పైసల దాకా వరసగా చూడండి, కుదిరేవి 25, 50, 75 మాత్రమే. మిగతా 96కీ దానికి బాగా దగ్గరగా ఉన్న ఇంకో సంఖ్య పెట్టి సరిపెడుతుంది. పది పైసలు బైనరీలో (ఆ రెండు లెక్కలో) తెగకుండా సాగుతూనే ఉంటాయి, డబుల్‌లో సర్దితే లోపల మిగిలేది 0.1000000000000000055 చిల్లర.

తమాషా ఏంటంటే మన తాతల లెక్కయితే కంప్యూటరుకి చక్కగా సరిపోయేది. అణా రూపాయిలో పదహారో వంతు, బేడ ఎనిమిదో వంతు, తర్వాత పావలా, అర్ధరూపాయి, అన్నీ రెండుతో తెగేవే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, కంప్యూటరుకి చిక్కూ వచ్చింది.

అయితే ఇంత చిన్న తేడా ఎవరిని ముంచుతుంది అంటారు. అక్కడికే వస్తున్నా. సంఖ్య పెరిగేకొద్దీ ఫ్లోట్‌లో పక్కపక్కన ఉండే రెండు విలువల మధ్య ఎడం కూడా పెరుగుతుంది. లారీని తూచే కాటా మీద ఉంగరం పెడితే ముల్లు కదలదు కదా, అదీ సంగతి. మొత్తం 1,31,072 రూపాయలు దాటగానే ఆ ఎడం పైస కంటే ఎక్కువైపోతుంది. 5,24,288 దాటితే ఎడం సరిగ్గా ఒక అణా. 10,48,576 దాటితే బేడ. 20,97,152 దాటితే పావలా. 41,94,304 దగ్గర అర్ధరూపాయి, 83,88,608 దగ్గర నిండు రూపాయి. 1,67,77,216 దాటాక బేసి రూపాయలు కూడా ఉండవు, అన్నీ సరి సంఖ్యలే. అంత టర్నోవరు మా వైపు ఫీడ్ షాపుకి పెద్ద విశేషం కాదు.

ఒక షాపులో పాత విజువల్ బేసిక్ ప్రోగ్రాము ఉండేది, రన్నింగ్ టోటల్‌ని సింగిల్‌లో పెట్టి రాశారు. సింగిల్ అంటే ఇదే 32 బిట్ల ఫ్లోట్. చేతిచిట్టాలో ఉన్న మొత్తం కంటే కంప్యూటర్లో ప్రతి నెలా కొన్ని రూపాయలు తక్కువ చూపిస్తుంది. అప్పుడప్పుడూ ఎక్కువ వచ్చినా పోనీ అనుకునేవారేమో, ఎప్పుడూ తగ్గడమే. దాంతో బిల్లులు ప్రింటయ్యాక ఎవరో లోపల మారుస్తున్నారని యజమాని గట్టిగా నమ్మేశారు. గుమాస్తా గారు నాకంటే చాలా పెద్దాయన, "ఇంతకాలం గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను బాబూ, ఒక్క మాట రాలేదు" అంటూ చేతులు నలుపుకుంటున్నారు. బిల్లులన్నీ పరిచి చూస్తే చాలావాటి చివర పది పైసలో అరవై పైసలో ఉన్నాయి. టోటల్ ఇరవై ఒక్క లక్షల మీద ఉంది, అంటే ఎడం పావలా. అక్కడ .10 కలిపితే .00 కి పడిపోతుంది, .60 కలిపితే .50 కి. రెండుచోట్లా పోయేది అదే పది పైసలు, ఎన్ని బిల్లులుంటే అన్నిసార్లు. చివర నలభై పైసలుండే బిల్లులు ఎక్కువై ఉంటే ఇదే ప్రోగ్రాము ఎక్కువ చూపించి ఉండేది, అప్పుడు ఎవరినీ అనుమానించేవారు కాదు. టోటల్‌ని పైసల్ని ఖచ్చితంగా దాచే కరెన్సీ టైపులోకి మార్చాను, చిట్టాతో పైసకి పైస కలిసింది.

అపోహ: డబుల్ పెడితే ఇక బాధ లేదు.

టోటల్స్ వరకూ నిజమే, పది కోట్ల దగ్గర కూడా డబుల్‌లో ఎడం పైసలో లక్షో వంతుకి మించదు. కానీ 0.3 లోంచి 0.1 తీసి, తర్వాత 0.2 తీసి చూడండి. సున్నా రాదు, కంటికి ఆనని మైనస్ వస్తుంది. బాకీ అంతా కట్టేసిన రైతు కాగితం మీద "-0.00" అని పడితే ఆయనకి టెన్షన్, సున్నాతో సమానమా అని అడిగే కోడ్ కాదంటుంది, ఖాతా మూతపడదు. పన్ను దగ్గర ఇంకో తంటా. 107 రూపాయల మీద 2.5 శాతం సీజీఎస్టీ చేత్తో వేస్తే 2.675, సవరిస్తే 2.68. పైథాన్ భాషలో 107ని 2.5తో గుణించి 100తో భాగించి రౌండ్ చేస్తే 2.67 వస్తుంది, అదే 107ని 0.025తో గుణించి రౌండ్ చేస్తే 2.68. ఒకే పన్ను, రెండు జవాబులు. డబ్బుని పైసల్లో పూర్ణసంఖ్యగా దాచండి, డేటాబేస్‌లో అయితే డెసిమల్ (పది లెక్కనే దాచే రకం) పెట్టండి. డెసిమల్ స్లో అని భయపెట్టేవాళ్ళని రోజుకి ఎన్ని బిల్లులు కొడతారో అడగండి చాలు.

అపోహ: ఇది ఫలానా భాషలో బగ్.

సీ, జావా, జావాస్క్రిప్ట్, పైథాన్, ఎందులోనైనా 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది.

అపోహ: ప్రాసెసర్ పోయింది, మార్చాలి.

1994లో పెంటియం చిప్‌లో భాగహారం తప్పిన మాట నిజం. మీ షాపులో కంప్యూటర్ అది కాదు. మదర్‌బోర్డు మార్చమన్న మెకానిక్‌కి డబ్బులివ్వకండి.

అపోహ: అయితే ఫ్లోట్ పనికిమాలినది.

చెరువులో ఆక్సిజన్ మీటరు 4.7 చూపిస్తే ఆ కొలతలో ఉండే తప్పే ఫ్లోట్ తప్పు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ ఫ్లోట్ నిక్షేపంగా వాడుకోండి.

అపోహ: ఎక్సెల్‌లో ఆధార్ నంబరు చెడిపోయింది.

12 అంకెలు కాబట్టి ఇ ప్లస్ 11 అని కనిపించినా లోపల భద్రంగానే ఉంటుంది, సెల్ ఫార్మాట్ మారిస్తే బయటికొస్తుంది. బ్యాంకు ఖాతా నంబరు 16 అంకెలైతే మాత్రం భయపడాల్సిందే, ఎక్సెల్ 15 అంకెలే ఉంచుకుని చివరిదాన్ని సున్నా చేస్తుంది. నంబర్లు కొట్టకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టుకోండి. ఇప్పటికే సున్నా పడి ఉంటే అది ఫార్మాట్ మార్చినా వెనక్కి రాదు, పాస్‌బుక్ చూసి మళ్ళీ కొట్టుకోవాలి.