వోల్టేజ్, కరెంట్ లెక్కలు: అపోహలు – వాస్తవాలు

వోల్టేజ్‌ను కరెంట్‌తో భాగిస్తే నిరోధం వస్తుంది, రెండింటినీ గుణిస్తే పవర్ వస్తుంది. ఈ సూత్రాలు బాగా తెలిసినవారు కూడా, వచ్చిన అంకె ఏ పరిస్థితికి చెల్లుతుందో చూడకుండానే తీగ మందాన్నో, ఫ్యూజునో నిర్ణయించేయడం నా వృత్తిలో తరచుగా చూస్తుంటాను.

అపోహ: పరికరం నిరోధం ఎప్పుడూ ఒక్కటే.

వాస్తవం: 230 వోల్టుల, 100 వాట్ల ఫిలమెంట్ బల్బు వెలుగుతున్నప్పుడు సుమారు 0.435 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి అప్పటి నిరోధం దాదాపు 529 ఓమ్‌లు. అదే బల్బును విప్పి, చల్లారాక మల్టీమీటర్‌తో కొలిస్తే 40 ఓమ్‌ల దగ్గర చూపుతుంది. మీటరు చెడిపోయిందని అనుకోనక్కర్లేదు. టంగ్‌స్టన్ తీగ 2,000 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కడం వల్ల దాని నిరోధం పది రెట్లకు పైగా పెరుగుతుంది. వోల్టేజ్, కరెంట్‌ల నిష్పత్తి మారదంటూ 1827లో ఓమ్ ప్రకటించిన నియమం ఉష్ణోగ్రత మారనంతవరకే లోహాలకు వర్తిస్తుంది. ఎల్ఈడీల విషయంలోనైతే వోల్టేజ్ మారినకొద్దీ ఈ నిష్పత్తి కూడా మారిపోతూ ఉంటుంది.

అపోహ: నిరోధం ఎక్కువైతే వేడి ఎక్కువ.

వాస్తవం: ఇది సగమే నిజం, ప్రమాదాలకు దారితీసేది కూడా ఈ సగం నిజమే. వోల్టేజ్ స్థిరంగా ఉన్నప్పుడు పవర్ అంటే వోల్టేజ్ వర్గాన్ని నిరోధంతో భాగించగా వచ్చేది. అందుకే 2,000 వాట్ల హీటర్ నిరోధం సుమారు 26.5 ఓమ్‌లు కాగా 1,000 వాట్ల హీటర్‌ది దానికి రెట్టింపు. కానీ వదులైన జాయింటు లోడుతో, అంటే కరెంట్ వాడుకునే పరికరంతో, శ్రేణిలో (ఒకే దారిలో) ఉంటుంది, దాని గుండా పోయే కరెంట్‌ను ప్రధానంగా లోడే నిర్ణయిస్తుంది. అక్కడ కరెంట్ వర్గాన్ని నిరోధంతో గుణించాలి. 10 ఆంపియర్లు పోయే దారిలో స్క్రూ సరిగా బిగించక అర ఓమ్ నిరోధం ఏర్పడితే, అక్కడ పడిపోయే వోల్టేజ్ 5 వోల్టులే, హీటర్ పనితీరులో తేడా కూడా పెద్దగా కనిపించదు. అయినా చిటికెన వేలి గోరంత చోట 50 వాట్ల వేడి పుడుతుంది. ప్లాస్టిక్ కరగడానికి, తీగ తొడుగు మాడడానికి అది చాలు. ఫ్యూజు మాత్రం పోదు, ఎందుకంటే కరెంట్ ఏమీ పెరగలేదు. ఏ సూత్రం వాడాలో తేల్చుకునే ముందు వోల్టేజ్, కరెంట్‌లలో ఏది స్థిరంగా ఉందో చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: వోల్టేజ్ తగ్గితే కరెంట్ పెరుగుతుంది.

వాస్తవం: లోడు మీద తిరిగే ఇండక్షన్ మోటారుకు, కంప్యూటర్ పవర్ సప్లైకి సాధారణంగా ఇది నిజం. హీటర్‌కు కాదు. పై 2,000 వాట్ల హీటర్‌కు 230 బదులు 207 వోల్టులు అందితే కరెంట్ 8.7 నుంచి 7.8 ఆంపియర్లకు దిగుతుంది, పవర్ 1,620 వాట్లకు పడిపోతుంది.

అపోహ: వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే ఎప్పుడూ వాట్లే వస్తాయి.

వాస్తవం: డీసీలోనూ, హీటర్ వంటి శుద్ధ నిరోధక లోడులోనూ అంతే. ఏసీ మోటారు 230 వోల్టుల వద్ద 4 ఆంపియర్లు తీసుకుంటే వచ్చేవి 920 వోల్ట్-ఆంపియర్లు మాత్రమే; పవర్ ఫ్యాక్టర్ (అందులో అసలు పవర్ ఎంత వంతో చెప్పే అంకె) 0.75 అయితే అసలు పవర్ 690 వాట్లు. అయితే తీగను ఎంచుకోవలసింది ఆ 690 వాట్లను బట్టి కాదు, నిజంగా ప్రవహించే 4 ఆంపియర్లను బట్టి.