కొత్త లెన్సు ఫోకస్ పట్టడం లేదా?

తిరుపతి

చిరంజీవులకు పెదనాయన ఆశీస్సులు.

కొత్త లెన్సు ఫోకస్ పట్టడం లేదని రాశారు. ఆ ఒక్క మాటతో ఏమీ తేలదు. లెన్సులో మోటారు అసలు కదలడం లేదా? ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూ ఎక్కడా నిలవడం లేదా? బీప్ అని పలికి, తీరా చూస్తే ఫోటో మెత్తగా వస్తోందా? మూడూ వేర్వేరు రోగాలు. మీది ఏదో తేల్చుకున్నాకే షాపు మెట్లెక్కండి.

మోటారు కదలకపోతే ముందు లెన్సు పక్కనున్న మీట చూడండి. బ్యాగులోంచి తీసేటప్పుడు అది ఎమ్ (చేత్తో ఫోకస్ తిప్పుకునే) వైపు జరిగిపోతుంటుంది. కొన్ని నికాన్ బాడీల (లెన్సు కాక మిగిలిన కెమెరా) మీద కూడా ఇలాంటి మీటే ఇంకొకటి ఉంటుంది, రెండూ చూసుకోవాలి. తర్వాత కెమెరా ఆఫ్ చేసి, లెన్సు తీసి, మళ్లీ టక్ మని శబ్దం వచ్చేదాకా తిప్పి బిగించండి. నికాన్‌కి గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా, కెనాన్‌కి ముల్లు వెంబడే తిప్పాలి. కెనాన్ తెర మీద ఎర్ 01 అని వస్తే లెన్సు వెనకున్న బంగారు రంగు చుక్కలకీ కెమెరాకీ మాట కలవడం లేదని అర్థం. ఆ చుక్కల్ని పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పైపూత పోతుంది, పొడి లోపల పడుతుంది.

నికాన్‌లో ఇంకో చిక్కుంది. చవగ్గా వస్తోందని 50 ఎమ్ఎమ్ 1.8 డి లెన్సు కొంటారు. దాంట్లో మోటారు ఉండదు, బాడీలో ఉన్న మోటారే దాన్ని తిప్పాలి. డి3500, డి5600 లాంటి బాడీల్లో ఆ మోటారు లేదు. అక్కడ లెన్సు చెడిపోలేదు, జత కుదరలేదంతే. లెన్సులోనే మోటారున్న ఏఎఫ్-ఎస్ అని రాసున్నది తీసుకోవాలి. ఏఎఫ్-పి లెన్సులకు కథ తిరగబడుతుంది. మోటారు లెన్సులోనే ఉన్నా, డి90, డి3100 లాంటి పాత బాడీలకు దాన్ని నడపడం రాదు. సెకండ్ హ్యాండ్ బాడీ అయితే పాత యజమాని ఫోకస్‌ని వెనక బటన్‌కి మార్చేసి ఉండొచ్చు. షట్టర్ సగం నొక్కితే ఏమీ జరగదు, మెనూలో రీసెట్ కొడితే సరి.

రెండో రోగం, కొట్టుకోవడం. కెమెరాకి ఫోకస్ దొరకాలంటే గీతో అంచో, వెలుగునీడల తేడానో కనబడాలి. ఫోకస్ చుక్కను (కెమెరా ఎక్కడ ఫోకస్ పట్టాలో చూపే గుర్తు) సున్నం కొట్టిన గోడ మీద పెట్టినా, నేలపట్టు పక్షుల కేంద్రంలో మబ్బు ఆకాశం ముందు ఎగిరే గూడబాతు (పెలికాన్) మీద నుంచి అది కాస్త పక్కకి జరిగినా, కెమెరాకి పట్టు చిక్కదు. గోవిందరాజస్వామి గోపురం మీది బొమ్మలకు పెడితే చిటికెలో పట్టేస్తుంది. మరీ దగ్గరికి వెళ్లినా అంతే. కెనాన్ 50 ఎమ్ఎమ్ ఎస్‌టీఎమ్‌కి 35 సెంటీమీటర్లు, నికాన్ 50 ఎమ్ఎమ్ 1.8 జి కి 45 సెంటీమీటర్లు హద్దు. ఆ దూరం కొలిచేది లెన్సు మూతి నుంచి కాదు, కెమెరా లోపలి సెన్సర్ నుంచి. పెద్ద జూమ్ లెన్సుల మీద దూరానికి హద్దు పెట్టే మీట కూడా ఉంటుంది, అది ఫుల్‌లో ఉందో లేదో చూడండి. గంగమ్మ జాతర రాత్రి వేషాలు తీసేటప్పుడు చుక్కను బట్టల మీద కాకుండా ముఖం మీది రంగుల గీతల మీద, అందులోనూ మధ్య చుక్కనే పెట్టండి. డీఎస్ఎల్ఆర్‌లో (లోపల అద్దమున్న కెమెరాలో) మసక వెలుగులో అదే బాగా పనిచేస్తుంది.

జూపార్కులో పక్షి బదులు వల మీదే ఫోకస్ పడుతోందంటే ఫోకస్ చుక్కల్ని ఆటోలో వదిలేశారన్నమాట. ఆటో సాధారణంగా దగ్గరున్నదాన్నే పట్టుకుంటుంది. ఒక్క చుక్కకి మార్చి, పక్షి కంటి మీద పెట్టండి.

ఇక మూడోది, అసలు తలనొప్పి ఇదే. బీప్ పలికింది, ఫోటో మెత్తగా ఉంది. ముందు చెయ్యి వణికిందా అని అనుమానించండి. 200 ఎమ్ఎమ్ దగ్గర చిన్న సెన్సర్ కెమెరాకి సెకనులో 320వ వంతు వేగమైనా ఉండాలి. వణుకైతే గీతలన్నీ ఒకే దిక్కుకి సాగినట్టుంటాయి. ఫోకస్ తప్పితే ఫోటోలో వేరే చోటెక్కడో పదును కనబడుతుంది. మనిషి కన్ను మెత్తగా ఉండి చెవి పదునుగా ఉంటే అది ఫోకసే. అదే చిన్న సెన్సర్ కెమెరాలో 50 ఎమ్ఎమ్‌ని 1.8లో (లెన్సు ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఎక్కువ తెరుచుకుంటుంది) పెట్టి మీటరు దూరంలో తీస్తే పదునుగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఫోకస్ పట్టాక మీరు కాస్త ముందుకి ఊగారంటే కన్ను జారిపోయినట్టే. 4లో పెడితే ఆ లోతు ఆరు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా అనుమానం తీరకపోతే పరీక్ష పెట్టండి. పగటిపూట వరండాలో, నీడలో, గోడకి దినపత్రిక ఒక పేజీ అతికించండి. దాని పక్కన టేపు కొలతను ఏటవాలుగా పెట్టి, పేజీతో సమానంగా ఉన్న గీతను గుర్తు పెట్టుకోండి. 50 ఎమ్ఎమ్ అయితే రెండున్నర మీటర్ల దూరంలో ట్రైపాడ్. వణుకు ఆపే వీఆర్ లేక ఐఎస్ ఉంటే ఆఫ్ చెయ్యండి. రెండు సెకన్ల టైమర్, లెన్సు పూర్తిగా తెరిచి, మధ్య చుక్క పేజీ మీద. వ్యూఫైండర్‌లో (కన్ను ఆనించి చూసే కిటికీలో) చూస్తూ అయిదు ఫోటోలు తియ్యండి, ప్రతి ఫోటోకీ ముందు ఫోకస్‌ని దూరానికి తిప్పి మళ్లీ పట్టించాలి. తర్వాత తెర మీద లైవ్ వ్యూలో ఇంకో అయిదు. కంప్యూటర్‌లో నూరు శాతం పెంచి చూడండి.

లైవ్ వ్యూలో పదునుగా, వ్యూఫైండర్‌లో ప్రతిసారీ ఒకే వైపుకి తప్పుతోందంటే లెన్సుకీ బాడీకీ లెక్క కుదరలేదు. లైవ్ వ్యూ ఫోటో తీసే సెన్సర్ మీదే చూసుకుంటుంది. వ్యూఫైండర్‌కి వేరే ఫోకస్ సెన్సర్ ఉంది, తేడా అక్కడ పుడుతుంది. నికాన్ డి7200, కెనాన్ 80డి లాంటి వాటిలో దీన్ని మెనూలోనే -20 నుంచి +20 దాకా సవరించుకోవచ్చు. ఫోకస్ ముందుకి పడుతుంటే ప్లస్ వైపు, వెనక్కి పడుతుంటే మైనస్ వైపు. అయిదేసి అంకెలు జరిపి, మళ్లీ తీసి చూడండి. డి5600, 1500డి లాంటి వాటిలో ఆ సౌకర్యం లేదు, సర్వీస్ సెంటరుకి బాడీ, లెన్సు రెండూ తీసుకెళ్లాలి. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాకి ఈ చిక్కు దాదాపు ఉండదు. ఒక్కోసారి ఒక్కో వైపు తప్పుతుంటే సవరణ జోలికి పోవద్దు, చుక్కో వెలుతురో చూసుకోండి. పేజీ కెమెరాకి ఎదురుగా నిటారుగా ఉన్నా, రెండు పద్ధతుల్లోనూ ఎడమ సగం పదునుగా, కుడి సగం మెత్తగా వస్తే లోపలి గాజు పక్కకి జరిగింది. దాన్ని మాత్రం మార్పించాల్సిందే. మార్పిడికి గడువెంతో బిల్లు మీద చూసుకోండి, పరీక్ష ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో వెంట తీసుకెళ్లండి.

ఒకటి మరిచాను. మిట్టమధ్యాహ్నం మేడెక్కి 300 ఎమ్ఎమ్‌తో తిరుమల కొండల్ని తీసి లెన్సుకి మార్కులు వెయ్యకండి. ఎండకి నేల మీద గాలి అల్లల్లాడుతుంటే ఏ లెన్సుకీ కొండ అంచు పదునుగా రాదు. అదే ఫోటో పొద్దున్నే ఆరున్నరకి తియ్యండి.

ఇట్లు
మీ పెదనాయన