మామ్మ కంటి చుక్కల గురించి మీ ఇద్దరికీ

చిన్నీ, బాబీ,

రాజాంలో ఎండలు మండిపోతున్నాయి, మీరు సెలవులకి వచ్చేలోపు ఒక సంగతి రాసి పంపుదామనిపించింది. మొన్న ఫోన్లో బాబీ అడిగాడు కదా, మామ్మకి నొప్పి లేదు, టీవీ బాగానే కనిపిస్తంది, మరి రోజూ ఆ చుక్కలెందుకు తాతా అని. మంచి ప్రశ్న నాన్నా. పెద్దోళ్ళే చాలామంది ఇదే లెక్కేసుకుని, నొప్పి లేదు కదా, మందేసినా చూపేం పెరగలేదు కదా అనుకుని మానేస్తారు, అక్కడే కొంప మునుగుతుంది.

మామ్మకున్నది గ్లాకోమా, నీటికాసులంటారు. కంటి లోపల ఒక నీరు ఎప్పుడూ ఊరుతుంటుంది, కన్నీళ్ళు కాదు, అవి వేరు. ఊరింది ఊరినట్టే బయటికి పోవాలి. చెరువులోకి కాలవ వస్తూనే ఉండి తూము పూడిపోతే గట్టు మీద ఎంత బరువు పడుతుందో చూశారు కదా, అలగే కంట్లో ప్రెజర్ పెరిగి వెనకున్న, చూపుని మెదడుకి చేర్చే నరం మెల్లమెల్లగా చచ్చిపోతుంది. ప్రెజర్ మామూలుగా 10 నించి 21 మిల్లీమీటర్ల (పాదరసం లెక్కలో) దాకా ఉంటుంది, కొందరికి అంతలోపున్నా నరం దెబ్బతింటుంది. మామ్మకున్న రకంలో ముందు పక్కచూపు పోతుంది, ఎదరున్నది బాగానే కనిపిస్తుంది, అందుకే మనిషికి తెలీదు. పోయిన చూపు ఏ మందుకీ ఏ ఆపరేషన్‌కీ తిరిగి రాదు. చుక్కలు చేసేదల్లా ఉన్న చూపుని కాపాడ్డం, ఆ పని పైకి కనపడదు.

రాత్రి వేసేది లాటనోప్రోస్ట్, 1996లో అమెరికాలో అనుమతొచ్చిన మందు. నీరు బయటికి పోడానికి ఇంకో దారి బాగా తెరుస్తుంది, రోజుకొక్క చుక్క చాలు. మామ్మ కనురెప్పల వెంట్రుకలు పొడుగ్గా, నల్లగా అయ్యాయని చిన్ని కనిపెట్టింది చూశావా, అది ఈ మందు వల్లే, భయపడక్కర్లేదు. పొద్దున్న వేసేది టిమోలాల్, 1978 నించీ ఉంది, ఇది నీరు ఊరడమే తగ్గిస్తుంది. ఐతే కంట్లో చుక్క కంట్లోనే ఉండిపోదు, ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది, ఆయాసం (ఆస్తమా) ఉన్నోళ్ళకి, గుండె మరీ నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకి టిమోలాల్ ప్రమాదం. చిన్నీ, నీకు ఆయాసం ఉంది కాబట్టి ఆటకి కూడా ఆ సీసా ముట్టుకోవద్దు తల్లీ.

డార్జోలమైడ్ అని ఇంకోటుంది, అదీ ఊరడం తగ్గించేదే, వేసిన కాసేపటికి గొంతులో చేదు. బ్రిమోనిడిన్ ఐతే రెండేళ్ళలోపు పిల్లలకి అస్సలు వెయ్యరు, మగతొచ్చి ఊపిరే మందగిస్తుంది, అందుకే ఈ సీసాలన్నీ పసిపిల్లలకి అందని చోట పెట్టాలి.

వచ్చాక రాత్రి చుక్క మీలో ఒకరు వేద్దురు గానీ, ఎలగో చెప్తాను. చేతులు సబ్బుతో కడుక్కుని, మామ్మని తల వెనక్కి వాల్చమని, కింది రెప్ప మెల్లగా లాగితే చిన్న సంచిలా అవుతుంది, అందులో ఒక్కటంటే ఒక్క చుక్క, సీసా మూతి రెప్పకి తగలకూడదు. రెండు చుక్కలేసినా కంట్లో పట్టదు, చెంప మీదకి కారిపోతుంది. తర్వాత కళ్ళు మూసుకోమని, ముక్కు పక్కన కంటి మూల దగ్గర వేలితో రెండు నిమిషాలు నొక్కి పెట్టాలి, అప్పుడు మందు ముక్కులోకి ఎక్కువ దిగదు. రెండు మందులు ఒకేసారి వేసేవాళ్ళైతే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి, లేపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. సీసా విప్పిన తేదీ అట్టపెట్టె మీద పెన్నుతో రాస్తున్నాను, నెల దాటాక కొత్తది విప్పడమే. విప్పని సీసా ఫ్రిజ్‌లో ఉంటుంది, చాక్లెట్లు వెతుకుతూ బయట పెట్టేసి మర్చిపోకండి, ఈ ఎండలకి పాడైపోతుంది.

ఇంకో మాట, ఇది మీ కోసమే. వేసవిలో కళ్ళు దురద పెట్టి ఎర్రబడితే మెడికల్ షాపుకెళ్ళి ఏదో ఒక చుక్కలు ఇమ్మనొద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఒక్కరోజులో హాయిగా ఉంటుంది, దాంతో వారాలూ నెలలూ వేసేసుకుంటారు, కొందరికి లోపల ప్రెజర్ పెరిగిపోయి చిన్న పిల్లలకే నీటికాసులు వచ్చేస్తాయి. నాకు దీని మీద చాలా కోపం. డాక్టరు రాస్తే, రాసినన్ని రోజులే. మామ్మ చుక్కలు మీరు, మీ చుక్కలు మామ్మ, అలాంటివి అసలొద్దు.

మామ్మకున్న ఈ నీటికాసులు రక్తసంబంధీకులకి వచ్చే అవకాశం మామూలు వాళ్ళకన్నా ఎక్కువ. మీ నాన్నకి నలభై దాటాయి, కళ్ళజోడు నంబరు చూపించుకుంటే సరిపోదు, ప్రెజర్ కొలిచి, వెనక నరం కూడా చూడాలి. ఇక్కడికి వచ్చేటప్పుడు విశాఖలో ఒకపూట దిగి ఆ పరీక్ష చేయించుకుని మరీ రమ్మని చెప్పండి, నేను చెప్తే వాయిదా వేస్తున్నాడు, మీరు చెప్తే వింటాడు.

ఇట్లు
మీ తాత