పాత ట్రాక్టర్ కింద ఆయిల్ మరక: అపోహలు - వాస్తవాలు

"అన్నా, కింద ఆయిల్ కారుతోంది. బ్యాక్ సీల్ పోయింది, బండి విప్పాలంటున్నారు. ఎన్ని రోజులు పడుతుంది?"

ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పనుల సీజన్‌లో బండి ఆగిపోతుందంటే టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. అడిగినాయన మీద నాకు కోపం లేదు. కోపమంతా, వంగి ఒక్కసారి కిందికి చూడకుండానే ఆ మాట చెప్పి పంపేవాళ్ల మీదే.

అపోహ: క్లచ్ హౌసింగ్ (ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్ ఉండే పెట్టె) కింద ఆయిల్ పడితే బ్యాక్ సీల్, అంటే క్రాంక్ షాఫ్ట్ వెనక చివర ఆయిల్ ఆపే సీల్, పోయినట్టే.

వాస్తవం: చుక్క పడేచోటు వేరు, కారేచోటు వేరు. ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది, ఫ్యాన్ గాలికి వెనక్కి పాకుతుంది. ఇంజిన్ పైనుండే టాపెట్ కవర్ (వాల్వుల మీది మూత) ప్యాకింగ్ వెనక మూల ఎండి పగిలినా, ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర ఊరినా, అది ఇంజిన్ వెనక గోడ పట్టుకుని దిగి హౌసింగ్ కిందే చుక్క కడుతుంది.

పని కొత్తలో నేనూ ఇలాగే బోల్తా పడ్డాను. రెండు రోజులు కష్టపడి బండిని రెండు ముక్కలు చేసి, కొత్త సీల్ వేసి బిగించాను. స్టార్ట్ చేసిన పావుగంటకు అదే చోట అదే చుక్క. తీరా చూస్తే చినిగింది టాపెట్ కవర్ ప్యాకింగ్. ఓనర్ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

అప్పటినుంచీ ముందు కడగనిదే స్పానర్ పట్టను. డీజిల్, బ్రష్‌తో జిడ్డంతా వదిలించి, ఆరాక అనుమానమున్న చోట్ల మామూలు టాల్కం పౌడర్ చల్లుతాను. ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, ఆపేశాక టార్చి వేసి చూస్తే పౌడర్ మీద తడి గీత ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది.

తర్వాత చూడాల్సింది బ్రీదర్, అంటే ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే దారి. అది పూడుకుపోతే ఇంజిన్ లోపలి గాలికి దారి దొరకదు, ఆయిల్‌ను సీళ్ల దగ్గర నుంచి బయటికి తోస్తుంది. అలాంటప్పుడు కొత్త సీల్ కూడా కారుతుంది. బ్రీదర్ విప్పి డీజిల్‌లో కడగడం అరగంట పని. బ్రీదర్ శుభ్రంగా ఉన్నా, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేస్తే గుప్పుగుప్పున పొగ తంతుంటే మాత్రం పిస్టన్ రింగులు అరిగాయని అనుమానించాలి. అప్పుడు ఇంజిన్ విప్పక తప్పదు. నేనూ అదే చెబుతాను.

హౌసింగ్ అడుగున ఒక చిన్న రంధ్రం, చాలా బండ్లలో దాంట్లో స్ప్లిట్ పిన్ను ఉంటాయి. చుక్క నిజంగా అందులోంచే వస్తుంటే రంగు చూడండి. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్, తేనె రంగులో ఉంటే గేర్‌బాక్స్ వైపుది. ఆ రంధ్రాన్ని మాత్రం మూయకండి, ఆయిల్ లోపలే నిలిచి క్లచ్ ప్లేటుకు అంటుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బోల్టులు ఇంకా బిగిస్తే ఆగుతుందన్నది తప్పు. ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే రేకు ఛాంబర్ అంచు వంగుతుంది, కార్క్ ప్యాకింగ్ నలిగి బయటికొస్తుంది. సిలికాన్ దట్టంగా పూస్తే లోపలికి పొంగిన ముక్కలు ఊడి ఆయిల్ వడకట్టే జల్లెడకు (స్ట్రైనర్) అడ్డం పడతాయి. లీకు ఆపే మందులు గట్టిపడిన రబ్బరు సీలును కొన్నాళ్లు మెత్తబరచొచ్చు, చినిగిన ప్యాకింగ్‌ను అతికించవు. ముందు పుల్లీ సీల్‌కు ఇంజిన్ దింపనక్కర్లేదు. పుల్లీ మీద గాడి పడితే పలచటి స్లీవ్ ఎక్కించొచ్చు.

ఒక్క చోట మాత్రం ఆలస్యం చేయొద్దు. వెనక యాక్సిల్ సీల్ దాటిన ఆయిల్ డ్రై బ్రేకులకు (ఆయిల్ తగలకుండా పొడిగా పనిచేసే బ్రేకులు) అంటితే బండి ఆగదు.

నా సొంత బండి వెనక సీల్ మూడేళ్లుగా చెమ్మగానే ఉంది. రోజూ పొద్దున డిప్‌స్టిక్ చూసుకుంటాను. క్లచ్ ఇంకా జారడం లేదు. ప్లేటు మార్చే రోజు ఎలాగూ విప్పాలి, సీల్ కూడా అప్పుడే వేస్తాను.